ఉద్యోగి నంబరు చెప్పండి

రుష్దీ చేసిన నేరం ఒక్కటే. పాస్‌వర్డ్ మార్చమని ఫోన్ చేసిన మనిషిని, "మీ ఉద్యోగి నంబరు చెప్పండి సార్" అని అడిగాడు. ఇరవై మూడేళ్ళవాడు. నీళ్ళ ప్లాంటు హెల్ప్‌డెస్క్‌లో చేరి నాలుగు నెలలు. గురువారం పొద్దున పది గంటలకు సర్వర్ గదిలో ఎవరో అతని మెడకు నెట్‌వర్క్ కేబుల్ రెండు చుట్లు చుట్టి, వీపుకు మోకాలు ఆన్చి లాగారు. ఎముక విరిగేదాకా వదల్లేదు.

మర్నాడు నిఘా విభాగం కల్నల్ బహ్గత్ ఫైలు బల్ల మీద పడేశాడు.

"అలెగ్జాండ్రియా నీళ్ళ ప్లాంటు మీద విదేశీ ముఠా కన్నేసింది. రుష్దీ కుర్చీలో నువ్వు కూర్చుంటున్నావు, వగ్దీ."

"నాకు కంప్యూటర్లు అంతంతమాత్రం సార్."

"చిన్న ఉద్యోగంరా. ఓపిక కావాలి. తెలియనివాళ్ళకి తేలిక మాటల్లో చెప్పాలి. చేసిన ప్రతి పనీ టికెట్‌లో రాయాలి. ఎవడు తిట్టినా గొంతు పెంచకూడదు."

వగ్దీ ముఖం మాడిపోయింది. పదకొండేళ్ళ సర్వీసులో అతను దవడలు పగలగొట్టాడే గానీ ఎవరినీ బతిమాలింది లేదు.

"సూపర్‌వైజర్ నెవీన్ మన మనిషే," అన్నాడు కల్నల్. "సంకేతంగా, ఫూల్ గింజల కూరలో నిమ్మకాయ పిండమంటారా అని అడుగు. జీలకర్ర చాలంటుంది."

నెవీన్ జీలకర్ర చాలంది. ఆకుపచ్చ పట్టు చొక్కా, అడుగు దూరానికే మత్తెక్కించే సెంటు. వారం రోజులు పక్కన కూర్చుని పని నేర్పింది. అతను ఫోన్లో గొంతు పెంచినప్పుడల్లా బల్ల కింద కాలు తొక్కేది. ఇంకొన్నాళ్ళు తొక్కించుకోవాలనిపించింది వగ్దీకి. నిజం చెప్పాలంటే మనసు పారేసుకున్నాడు.

ఆ తర్వాతి శనివారం మధ్యాహ్నం పన్నెండుకు పది నిమిషాలుండగా పాత టికెట్లు తిరగేస్తున్నాడు. హత్య జరిగిన గురువారం పది నలభైకి క్లోరిన్ హాలు పాస్‌వర్డ్ మార్చినట్టుంది. మార్చింది రుష్దీ.

అప్పటికి రుష్దీ చచ్చిపోయి నలభై నిమిషాలైంది. వగ్దీ కిందికి చూశాడు. మార్చిన కంప్యూటరు నెవీన్‌ది.

అంతలో హెడ్‌సెట్ మోగింది.

"బాష్‌మొహందిస్, ఇంజనీరు బాబూ, నేను హాగ్గా ఫౌజియాని, క్లోరిన్ హాలు నుంచి," హజ్ చేసొచ్చిన ముసలామె గొంతు. "తలుపులు వాటంతటవే మూసుకుపోయాయి నాయనా. పధ్నాలుగు మందిమి లోపలున్నాం. మూడు నిమిషాల్లో గ్యాసు వాల్వులు తెరుచుకుంటాయని రాసుంది. ఆపే కోడ్ రెండుసార్లు కొట్టాను, తప్పంటోంది. ఇంకోసారి తప్పితే లాక్ అయిపోతుందట."

"ఫోన్ పెట్టెయ్," అంది వెనకనుంచి నెవీన్. చేతిలో సైలెన్సర్ తగిలించిన పిస్తోలు.

"లైన్లోనే ఉండండి హాగ్గా," అని వగ్దీ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. గుండు ఎడమ భుజంలోంచి దూసుకుపోయింది. పడుతూనే ఆమె మోకాలి మీద తన్నాడు. ఎముక పటుక్కుమంది.

"ఏంటా చప్పుడు?"

"కుర్చీ పడిందండీ. మీరు కంగారుపడకండి." స్క్రూడ్రైవర్ అందుకుని పిస్తోలు పట్టుకున్న మణికట్టులో పిడిదాకా దింపాడు. నెవీన్ అరవలేదు. అతని చెవి కొరికింది.

"రెండు నిమిషాలే ఉంది నాయనా. నా కోడ్ నాకు తెలీదా? పద్దెనిమిదేళ్ళుగా అదే కోడ్."

"మీ కోడ్ సరైందే హాగ్గా, మారింది పాస్‌వర్డు మాత్రమే. కోడ్‌లో ఇంగ్లీషు అక్షరాలున్నాయా?"

"ఉన్నాయి. అన్నీ చుక్కలుగా పడుతున్నాయి, ఏం కొట్టానో కనపడదు."

నెవీన్ ఎడం చేత్తో హెడ్‌సెట్ వైరు పట్టుకుంది. అది ఊడితే పధ్నాలుగు మంది ఊపిరితిత్తులు కాలిపోతాయి. వగ్దీ ఆ చేతి వేళ్ళు రెండు వెనక్కి విరిచాడు. ఆమె మిగతా వేళ్ళతో గాయంలో పొడిచింది. కళ్ళు బైర్లు కమ్మాయి. అయినా గొంతు పెంచలేదు.

"స్క్రీన్ కింద గడియారం పక్కన ఏ అక్షరం ఉంది హాగ్గా?"

"అయిన్."

"కీబోర్డు అరబీలో ఉందన్నమాట. ఆల్ట్, షిఫ్ట్ రెండూ కలిపి ఒక్కసారి నొక్కి, ఏమైందో చెప్పండి."

"ఆల్ట్ ఎక్కడ చచ్చిందో..."

"స్పేస్ బారుకి ఎడమ పక్క. నిదానంగా చూడండి, టైముంది."

టైము లేదు. నెవీన్ జుట్టు పిడికిట పట్టి ఆమె తలను ఇనుప రాక్‌కేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. మూడోసారికి రుష్దీ గుర్తొచ్చి బలమంతా పెట్టాడు. ఆమె కదలడం మానేసింది.

"ఈఎన్ వచ్చింది నాయనా."

"ఇప్పుడు కోడ్ కొట్టండి. ఒక్కో అక్షరం."

మీటల చప్పుడు వినిపించింది. తర్వాత ఏమీ వినపడలేదు. వగ్దీకి జీవితంలో మొదటిసారి భయమేసింది.

"ఆగింది," అంది ఫౌజియా. "నాలుగు సెకన్లు మిగిలాయి." వెనక ఎవరో గట్టిగా ఏడుస్తున్నారు. తలుపులు తెరుచుకున్న చప్పుడు, పరుగులు. ఫౌజియా మాత్రం ఫోన్ వదల్లేదు.

"ఏంటి నాయనా, ఇందాకట్నుంచి అలా రొప్పుతున్నావ్?"

"భుజానికి గుండు తగిలింది హాగ్గా."

"ఓరి దేవుడా, ముందే చెప్పి ఏడవొచ్చుగా."

"ఫోన్ చేసినవాళ్ళకి మన కష్టాలు చెప్పకూడదండీ," అన్నాడు వగ్దీ, నెత్తుటి వేళ్ళతో టికెట్ మూస్తూ. "నేనింకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను."