రెప్ప వేయని ఎక్స్‌రే

"మా తమ్ముణ్ణి మీరే గట్టెక్కించాలి సార్," అంటూ ఆమె డిటెక్టివ్ ఎదుట కుర్చీలో కూలబడింది. అతని అసిస్టెంటు మంచినీళ్ల గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

ఆమె బ్యాటరీల శాస్త్రవేత్త. బ్యాటరీ చార్జి అవుతుండగానే లోపలి పదార్థం ఎలా మారుతోందో ఎక్స్‌రేతో ఫొటోలు తీస్తుంది. ఆ బ్యాటరీలను తయారుచేసేది ఆమె తమ్ముడు. మీటరు చూస్తే చార్జి నిండిందంటోంది. ఫొటోల్లో మాత్రం పదార్థం ఉలకదు, పలకదు. పనికిరాని సరుకు నింపి, మీటరుతో మాయ చేస్తున్నాడని ల్యాబు డైరెక్టరు తేల్చేశాడు. సాయంత్రానికి అతని ఉద్యోగం ఊడుతుంది.

"అతను చేసి ఉండడంటారా?" అన్నాడు డిటెక్టివ్.

"వాడా! చిన్నప్పుడు కప్పు పగలగొట్టినా, నేను అడక్కముందే ఏడుస్తూ వచ్చి చెప్పేవాడు సార్."

"సరే. ఫొటోకీ ఫొటోకీ మధ్య మీరేం చేస్తారమ్మా?"

"కళ్లప్పగించి చూస్తుంటాను. ఏ మార్పూ తప్పిపోకూడదని కిరణాన్ని ఆపనే ఆపను. మొదట్నుంచి చివరిదాకా అదే చోట."

డిటెక్టివ్ మెల్లగా తల ఊపాడు. ఆ ఊపుకు అర్థం అసిస్టెంటుకు తెలుసు. గాలానికి చేప తగిలింది. ఏ చేపో మాత్రం అతనికి అంతుపట్టలేదు.

ల్యాబులో బ్యాటరీ చూశారు. అరచేయంత పల్చటి సంచీ. ఎక్స్‌రే తగిలేది దాని నడిమధ్య, గోరంత మేర. ఐడీ కార్డు అప్పుడే లాగేసుకున్నారేమో, తమ్ముడు మెడ తడుముకుంటూ గోడవారగా నిలబడ్డాడు.

"నిప్పు లేనిదే పొగ రాదండీ," అన్నాడు డైరెక్టరు.

"పొగ ఎక్కణ్ణుంచో చూద్దాం. పక్క హాల్లో న్యూట్రాన్ యంత్రం ఉందిగా? ఇదే బ్యాటరీని అందులో పెట్టించండి. బ్యాటరీ చార్జి అయ్యేటప్పుడు కదిలే లిథియం ఎక్కడుందో న్యూట్రాన్లు బాగా పట్టిస్తాయట. ఈలోగా ఈ అబ్బాయి చేసిన ఇంకో బ్యాటరీకి ఎక్స్‌రే తీయండి. ఫొటో తీసేటప్పుడు తప్ప కిరణానికి అడ్డుతలుపు మూసే ఉంచాలి."

సాయంత్రం డిటెక్టివ్ అందర్నీ తెర ముందు కూర్చోబెట్టాడు.

"ఇది న్యూట్రాన్ బొమ్మ. బ్యాటరీ అంతటా లిథియం కదిలింది. మీటరు నిజమే చెప్పింది. కదలనిది ఈ మధ్యలో, గోరంత చోట."

"అది ఎక్స్‌రే పడే చోటు!" అక్క లేచి నిలబడింది.

"అవునమ్మా. ఆపకుండా పడిన కిరణం అక్కడ బ్యాటరీ లోపలి ద్రవాన్ని చెడగొట్టింది. దాంతో ఆ చోటు చచ్చుబడింది. మీరు చూసిందీ ఆ చోటే. ఇక రెండో బ్యాటరీ చూడండి. అడ్డుతలుపు మూస్తూ తీశాం, పదార్థం చక్కగా మారింది. డైరెక్టరు గారూ, గోరంత చోటు చూసి కొండంత నింద వేశారు."

"అయితే నేరం..." అక్క తమ్ముడి వైపు తిరిగింది. "నాదేనా సార్?"

"మీ శ్రద్ధదమ్మా. దానికి శిక్ష లేదు."

డైరెక్టరు లేచి, జేబులోంచి ఐడీ కార్డు తీసి, "తొందరపడ్డానయ్యా, ఏమీ అనుకోకు," అన్నాడు. తమ్ముడు చెయ్యి చాచేలోపే అక్క దాన్ని అందుకుని అతని మెడలో వేసింది. వేసి, ఏడుస్తూ నవ్వింది. వదల్లేనట్టు తమ్ముడి మొహంకేసే చూస్తూ ఉండిపోయింది.

"ఇంక చాలక్కా," అన్నాడు తమ్ముడు. "అట్లా రెప్ప వెయ్యకుండా చూస్తే నేనూ పాడైపోతాను!"