మూడు బెల్లులు, ఒక మలుపు

"అయ్యో, ల్యాగ్! ల్యాగ్!" అని మంజు గట్టిగా అరిచింది.

శనివారం మధ్యాహ్నం. ఊరిగాంలో, గని పనివాళ్ళకు వరసగా కట్టిన లైను ఇళ్ళలో నేత్ర వాళ్ళది ఒకటి. గోడ పక్కన వేరుశనక్కాయలు ఒలుస్తున్న తాయమ్మ అవ్వ ఒళ్ళోని పొట్టు దులుపుకొని చటుక్కున లేచింది.

"లాగాల్నా? ముందే చెప్పకూడదా తల్లీ!" అని గోడకున్న ప్లగ్గు పట్టుకుని ఒక్క లాగు లాగింది.

తెర నల్లబడింది. కారు, కొండ, వాన, అన్నీ మాయం!

"అవ్వా! ఏం పని చేసినావు?" అని నేత్ర తన జుట్టు తనే పట్టుకుంది.

"లాగమన్నారు, లాగినాను. ఇంగా గట్టిగా లాగాల్నా?"

నవ్వాల్సిన చోట నేత్ర నవ్వలేదు. ఎందుకంటే రేపే పోటీ. కమ్యూనిటీ హాల్లో పిల్లలకు కంప్యూటరు కారు రేసు. జట్టుకు ఇద్దరు. ఎవరి కంప్యూటరు వాళ్ళే తెచ్చుకోవాలి. మొదటి సగం ఎండలో తిన్నని రోడ్డు. అది నేత్రది. రెండో సగం కొండ మీద, వానలో, చెట్ల మధ్య. అది మంజుది.

నేత్ర సగం వెన్నలా సాగేది. మంజు సగం మాత్రం బండలా ఆగేది. నిజంగానే బండ! ఆఖరి మలుపులో ప్రతిసారీ దాన్నే గుద్దేది.

"ల్యాగ్ అంట, ల్యాగ్!" అంది నేత్ర. "నా సగంలో లేని ల్యాగు నీ సగంలోకి యాడినుంచి వచ్చింది? నీ వేలే లేటు."

"నేను నొక్కినాక కారు తిరిగేకి టైము పడతాంది నేత్రా. నిజంగా!"

"సాకులు. రేపు నీ బదులు వినుతను పిలుచుకుంటా."

కన్నడంలో మంజు అంటే పొగమంచు. ఆ మంచు కరిగి కళ్ళలోకి వచ్చేసింది. వాకిట్లో చెప్పులు కూడా వేసుకోకుండా మంజు వెళ్ళిపోయింది.

కిటికీ దగ్గర కుర్చీలోంచి గంగప్ప తాత గొంతు సవరించుకున్నాడు. బంగారు గని మూసేదాకా ఆయన అక్కడ వైండింగ్ డ్రైవరు. కేజ్‌ను దించడం, ఎత్తడం ఆయన పని. కేజ్ అంటే కందిపప్పు తూచే కేజీ కాదు, మనుషుల్ని గని లోతుకు దించే ఇనప పెట్టె. పేరుకు వైండింగ్, పనంతా వినడమే. కిందినుంచి బెల్లు కొడితేనే పైన ఆయన చెయ్యి కదలాలి.

"ఆ పిల్ల సీట్లో నువ్వు కూచోమ్మా" అన్నాడు తాత.

"నేనా? ఆ సగం నాది కాదు తాతా."

"మా గనిలో ఒక పద్ధతి ఉండాది. కేజ్ తప్పు చోట ఆగిందనుకో. డ్రైవరును తిట్టేకి ముందు బెల్లు చూడాల. బెల్లు వచ్చిన దారంతా చూడాల. మనిషిని ఆఖర్న చూడాల. కూచో."

ప్లగ్గు మళ్ళీ పెట్టారు. నేత్ర వాన రోడ్డులోకి దిగింది. మొదటి మలుపులో చెట్టు. రెండో మలుపులో బండ. ఆఖరి మలుపుదాకా ఆమె వెళ్ళనే లేదు!

తాత కళ్ళు తెర మీద, చెవులు కీబోర్డు మీద పెట్టాడు.

"టక్ అని నీ వేలు పడతాంది. కారు మాత్రం ఆమైన, రవ్వంత ఆగి కదలతాంది. మధ్యలో సందు ఉండాది. ఎండ రోడ్డులో లేదు, వాన వచ్చినాకే. బెల్లుకూ కేజుకూ నడుమ సందు ఏళ్ళ తరబడి విన్నోణ్ణి, నా చెవికి తెలీదా?"

పేరులోనే కన్ను పెట్టుకున్న నేత్రకు తన తప్పు అప్పుడు కనపడింది.

"తాతా... మామ బెంగళూరు నుంచి ఈ మానిటరు తెచ్చినాడు కదా. దీంట్లో 'వేరియబుల్ రిఫ్రెష్ రేట్' అని ఒకటి ఉండె. వేరియబుల్ అంటే మారిపోయేది కదా, నిలకడ లేనిది ఎందుకని నేనే ఆఫ్ చేసినా. సెకనుకు అరవై బొమ్మలు, ఠంచనుగా చూపించమని పెట్టినా. తెర వంతు వచ్చేదాకా ఆగమని కంప్యూటరుకూ చెప్పినా."

"ఠంచనుగా అంటే క్యాసంబళ్ళి బస్సు మాదిరి. మనం ఒక్క నిమిషం లేటైతే ఏమవుతుంది?"

"పోతుంది. ఇంకో బస్సుకు కాయాల."

"మరి కేజ్?"

"బెల్లు కొట్టినప్పుడే వస్తుంది..." నేత్ర ఆగింది. "తాతా! వానలో, చెట్లలో కంప్యూటరు గీయాల్సింది ఎక్కువ. బొమ్మ తయారయ్యే లోపల తెర బస్సు వెళ్ళిపోతాంది. ఆ బొమ్మ ఇంకో బస్సుకు కాచుకుంటాంది. ఈలోగా మంజు బండను గుద్దతాంది!"

టకటకా మానిటరు మెనూ తెరిచి ఆ సెట్టింగు ఆన్ చేసింది. కంప్యూటరుకు తాను పెట్టిన ఆంక్ష తీసేసింది. ఇప్పుడు తెర బస్సు కాదు, కేజ్. బొమ్మ ఎప్పుడు సిద్ధమైతే అప్పుడే చూపిస్తుంది. టక్ అంటే కారు తిరిగింది!

నేత్ర ఎగిరి గంతేసింది. తర్వాత వాకిట్లో చెప్పులు కనబడ్డాయి. గంతు ఆగింది.

మూడిళ్ళ అవతల, మంజు గడప మీద కూర్చుని ఉంది. నేత్ర ఆమె కాళ్ళ ముందు చెప్పులు పెట్టింది.

"నీ వేలు లేటు కాదు మంజూ. నా సెట్టింగు లేటు. నువ్వు చెప్తే నేను వినలేదు."

"వినుత వస్తాందేమో కదా?"

"ఎవరినీ పిలవలేదు. నువ్వు రాకపోతే నేనూ పోను."

మంజు చెప్పుల వైపు చూసింది. "ఇవి తెచ్చేకి ఇంతసేపా? ఇది కూడా ల్యాగే!"

ఇద్దరూ పగలబడి నవ్వారు.

సాయంత్రం ప్రాక్టీసు చేస్తుంటే తాత ఇంకో సంగతి చెప్పాడు. గనిలో మూడు బెల్లులు కొడితే 'కేజ్‌లో మనుషులు ఉండారు, జాగ్రత్త' అని అర్థం. విన్న డ్రైవరు కూడా మూడు కొట్టాలి. అప్పుడే 'నువ్వు చెప్పింది నాకు తెలిసింది' అన్నట్టు.

ఆదివారం హాలు కిక్కిరిసింది. పక్క బల్ల దగ్గర ప్రణవ్ తన జట్టు పిల్ల వీణ మీద విరుచుకుపడుతున్నాడు. "ఎండలో బాగుంటావు, వానలో నీ వేలు నిద్రపోతాందా?"

వీణ తల వంచుకుంది. నేత్ర వాళ్ళ బల్ల వైపు ఒక అడుగు వేసింది. నిన్న తన నోటి నుంచి వచ్చిన మాటే అది!

మంజు ఆమె చెయ్యి పట్టి లాగింది. "చెప్పొద్దు నేత్రా. చెప్తే వాళ్ళు గెలుస్తారు."

"చెప్పకపోతే వీణ ఏడుస్తుంది."

మంజు ఒక్క క్షణం తన చెప్పుల వైపు చూసుకుంది. "సరే, పద."

"ప్రణవ్, మనిషిని ఆఖర్న చూడు. ముందు మానిటరు మెనూ తెరువు" అంది నేత్ర. అక్కడా అదే సెట్టింగు నిద్రపోతోంది. లేపారు.

వీణ ఒక్క బండను కూడా తాకలేదు. వాళ్ళ టైము చూసి హాలంతా చప్పట్లు కొట్టింది.

ఇప్పుడు వీళ్ళ వంతు. నేత్ర తన సగం ముగించి కుర్చీ వదిలింది. బల్ల మీద టక్, టక్, టక్.

మంజు టక్, టక్, టక్ అని బదులు కొట్టింది. కొండెక్కింది. వాన మొదలైంది. ఆఖరి మలుపు. బండ! మంజు వేలు పడింది, కారు తిరిగింది, బండ గోరంత దూరంలో పక్కకు పోయింది!

అర సెకను తేడాతో గెలిచారు. ఈల వేసిన వాళ్ళలో మొదటిది వీణే!

కప్పు ఇస్తూ వాళ్ళ బడి లక్ష్మీకాంతమ్మ మిస్ మైకులో అడిగింది, "వానలో కూడా ల్యాగ్ లేకుండా ఎట్లా నడిపినారమ్మా?"

ఆ మాట వినగానే ముందు వరుసలోంచి తాయమ్మ అవ్వ లేచి గబగబా మైకు వైరు దగ్గరికి వచ్చింది.

"అవ్వా, లాగొద్దు!" అని నేత్ర అడ్డం పరుగెత్తింది.

ఏమీ తెలియక హాలు తెల్లబోయింది. నేత్ర మైకు పట్టుకుంది.

"ల్యాగ్ అంటే లాగమని కాదవ్వా. మనం నొక్కినాక తెర మీద కదిలేకి పట్టే ఆలస్యం. నిన్న మంజు ల్యాగ్ అంటే మా అవ్వ వైరు లాగేసింది. అవ్వ విన్నది కొంచెం తప్పు. నేను అసలు వినలేదు. అవ్వ వైరు లాగితే, నేను మంజునే జట్టులోంచి లాగేసినా. తప్పు నా సెట్టింగుది."

హాలంతా నవ్వింది. అవ్వ అందరికంటే గట్టిగా నవ్వింది. "వైరు మళ్ళీ పెట్టేస్తే సరిపోయింది. మరి పిల్లను?"

నేత్ర కప్పును మంజు చేతుల్లో పెట్టింది. బల్ల మీద మూడుసార్లు కొట్టింది.

వెనక వరుసలో గంగప్ప తాత కుర్చీ చెయ్యి మీద మూడు కొట్టాడు. ఆ తర్వాత మంజు. ఆ తర్వాత హాలంతా.