సైజు తప్పిన వరాలు

ఆ ఇంట్లో అలారం అవసరం ఎవరికీ ఉండేది కాదు. అమ్మ లేచి ముఖం కడుక్కుని, కుట్టుమిషన్ ముందున్న స్టూలు మీద కూర్చుందంటే చాలు, దేవుడితో మాటలు మొదలయ్యేవి. ఎదురింటావిడతో మాట్లాడినట్టే మాట్లాడేది. పొగడ్తలు తక్కువ, పనులు ఎక్కువ.

"దేవుడా, నిన్నటి రోజు బాగానే గట్టెక్కించావు, సంతోషం. ఇవాళ్టి సంగతి చూడు. మిషన్ మోటారు బెల్టు తెగి కూర్చుంది. స్కూలు యూనిఫారాలు సాయంత్రానికి ఇచ్చెయ్యాలి. రేపు బడి తెరిస్తే పిల్లలు చిరుగులతో వెళ్తారా? అది నాకూ బాగుండదు, నీకూ బాగుండదు. ఆ పైన నీ ఇష్టం."

గోడకు ఇవతల మంచం మీద కూతురు టక్కున కళ్ళు తెరిచింది. పగలంతా ఊళ్ళో పార్సిళ్ళ వ్యాను నడిపే పిల్ల. ఇంకాసేపు పడుకున్నా అడిగేవాళ్ళు లేరు. కానీ ఆ ఇంట్లో దేవుడి ఇష్టాన్ని నెరవేర్చే బాధ్యత కొన్నాళ్ళుగా ఆమే నెత్తినేసుకుంది.

మొదట్లో అది సరదాగానే మొదలైంది. కుక్కర్ రబ్బరు సాగిపోయిందని అమ్మ ఒకరోజు మొర పెట్టుకుంటే, సాయంత్రం కొత్తది కొని తెచ్చి, చడీచప్పుడు లేకుండా వంటింటి అలమరలో పెట్టింది. మర్నాడు అమ్మ "ఎంత మంచివాడివయ్యా!" అని దేవుణ్ణి మెచ్చుకుంటుంటే, దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వుకుంది. తర్వాత మిషన్ సూదులు, స్నానాల గది బల్బు, నాన్న చెప్పులు. అడగడం ఆలస్యం, వచ్చి పడేవి. ఈ మధ్య అమ్మ గొంతు తగ్గించి మాట్లాడుతుంటే, కూతురు తలుపు దగ్గరికి వెళ్ళి చెవి ఆనించి మరీ వినేది. ఇప్పుడు నవ్వు పోయి భయం పట్టుకుంది. ఒక్కరోజు అడిగింది రాకపోతే అమ్మ ఏమైపోతుంది?

ఆ భయానికి తోడు ఇంకో గుట్టు కూడా ఉంది. రైలు డ్రైవరు శిక్షణకు ఎంపికైనట్టు కిందటివారం కబురొచ్చింది. పట్టాల పక్కన నిలబడి ఇంజన్లకు చేతులూపుతూ పెరిగిన పిల్ల! కబురు చూసి వ్యానులో ఒక్కతే కూర్చుని, వీధి దద్దరిల్లేలా హారన్ మోగించింది. హారన్ ఆగాక గుర్తొచ్చింది, శిక్షణ ఎక్కడో దూరాన. తను వెళ్ళిపోతే అమ్మ మొరలు వినేదెవరు? అందుకే ఇంట్లో ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

గబగబా తయారై గడప దాటుతుంటే నాన్న ఎదురొచ్చాడు. రాత్రంతా బేకరీలో పొయ్యి ముందు నిలబడి వచ్చే మనిషి. కనుబొమల మీద పిండి, చంకలో వేడి వేడి రొట్టె.

"ఇంత పొద్దున్నే ఎక్కడికే?"

"వ్యానుకి గాలి కొట్టించాలి నాన్నా."

"గాలా? సరే సరే. మిషన్ సామాన్ల షాపతను ఇప్పుడే షట్టర్ ఎత్తుతున్నాడు," అని ఆవలిస్తూ లోపలికి పోయాడు.

తొందరలో ఆ మాటేమిటో ఆమెకు తట్టనే లేదు. తొందరలోనే ఫోన్ కూడా బల్ల మీద మరిచిపోయింది.

ఆమె బెల్టు కొనుక్కుని వీధి మలుపు తిరిగేసరికి, అమ్మ చేతిలో కత్తెరతో గుమ్మం బయట నిలబడి ఉంది. మెడలో టేపు, జుట్టు రేగిపోయి, ముఖం వెలిగిపోతోంది.

"రైలు నడుపుతుందట! మా పిల్ల రైలు నడుపుతుందట!" అని ఎదురింటి మేడ మీదికి కేకేస్తోంది.

కూతురు పరుగున వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాగింది. "అమ్మా, ముందు లోపలికి పద!"

"శిక్షణ కేంద్రం నుంచి ఫోనొచ్చిందే! వస్తావో రావో నువ్వింకా చెప్పలేదట. మధ్యాహ్నంలోపు చెప్పకపోతే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారట. ఇంత మంచి కబురు కడుపులో ఎలా దాచుకున్నావే? చెయ్యి, వెంటనే ఫోన్ చెయ్యి!"

"నేను వెళ్ళట్లేదు."

అమ్మ చేతిలోని కత్తెర బల్ల మీదికి దిగింది. "ఏమన్నావు?"

"వెళ్ళనన్నాను. వ్యాను నడుపుకుంటూ ఇక్కడే ఉంటాను. నాకిదే బాగుంది."

"అబద్ధం. అబద్ధమాడేటప్పుడు నీకు ఎడం కన్ను కొట్టుకుంటుంది. ఎందుకు వెళ్ళవు? మేము అడ్డమా? నాన్నకి ఒళ్ళు బాగానే ఉంది, నా చేతులు బాగానే ఉన్నాయి. మా మీద జాలిపడి ఇంట్లో కూర్చుంటానంటే ఒప్పుకోను. ఆ జాలి నాకొద్దు!"

"జాలి కాదమ్మా!"

"మరేంటి? చెప్పు! గొంతులో ఏం అడ్డం పడింది?"

అంత గట్టిగా గుచ్చితే ఎన్నాళ్ళ గుట్టయినా ఆగుతుందా?

"నేను వెళ్తే నువ్వడిగినవి ఎవరు తెస్తారు?" అని అరిచేసింది. "కుక్కర్ రబ్బరు తెచ్చింది దేవుడు కాదమ్మా, నేను! సూదులు నేను, బల్బు నేను, చెప్పులు నేను! ఇదిగో, ఇవాళ్టి బెల్టు!" జేబులోంచి తీసి మిషన్ మీద పెట్టింది. "రేపు నువ్వడిగి, ఏదీ రాకపోతే? నిన్ను దేవుడు కూడా వదిలేశాడనుకుంటే? నేనెక్కడో ఇంజన్‌లో కూర్చుని ఏం చెయ్యగలను?"

అనేశాక నాలుక కరుచుకుంది. మంచం మీద నాన్న కప్పుకున్న దుప్పటి సన్నగా ఊగుతోంది. కాసేపటికి దుప్పటిలోంచి ఫక్కున నవ్వు బయటపడింది.

"మీరు ఊరుకోండి," అంది అమ్మ. మిషన్ సొరుగు లాగి ఒక కుక్కర్ రబ్బరు తీసింది. దాన్ని తలమీద పెట్టుకుంటే కిరీటంలా సరిపోయేలా ఉంది. "ఇదేనా నువ్వు తెచ్చింది? మన కుక్కర్ ఎంత, ఇదెంత? నా మిషన్‌కి పట్టని సూదులివిగో. మీ నాన్న చెప్పులైతే ఇంకో మనిషి కూడా పాదం పెట్టుకునేంత పెద్దవి. దేవుడైతే సైజు చూసుకోకుండా తెస్తాడటే?"

కూతురు ఆ రబ్బరు అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"సరైన సైజువి మళ్ళీ కొని తెచ్చింది నేను," అన్నాడు నాన్న లేచి కూర్చుని, గర్వంగా. "షాపతనైతే నన్ను చూడగానే, ఈసారి పెద్దదా చిన్నదా అని అడుగుతున్నాడు."

"తెలిసి కూడా చెప్పలేదా? రోజూ దేవుణ్ణి మెచ్చుకునేదానివి కదా!"

"మెచ్చుకోనూ? మా ఇంట్లో ఇలాంటి పిల్లను పెట్టినందుకు మెచ్చుకున్నాను. తెచ్చిపెట్టిన రోజు నీ ముఖం చూస్తే చెప్పడానికి నోరు రాలేదు. గొంతు తగ్గిస్తే మానేస్తావనుకున్నాను. నువ్వు తలుపుకి చెవి తగిలించావు!"

కూతురికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అమ్మ ఆమెను లాగి స్టూలు మీద కూర్చోబెట్టింది.

"నువ్వు పుట్టకముందు నుంచీ నేనాయనతో మాట్లాడుతున్నాను. అడిగింది ఇచ్చిన రోజులున్నాయి, ఇవ్వని రోజులూ ఉన్నాయి. ఇవ్వని రోజున ఏడ్చాను, పోట్లాడాను. మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఇక్కడే కూర్చున్నాను. నాకా ధైర్యమిచ్చింది బల్బులూ చెప్పులూ కావు తల్లీ. వినేవాడున్నాడు, అంతే. ఆయన పని ఆయన్ని చెయ్యనీ. అంత బరువు నీకెందుకు?"

అమ్మ మిషన్ మీది బెల్టు తీసి పక్కన పెట్టింది.

"ఇంకో మాట. పైకి అన్నవే నువ్వు విన్నావు. పైకి అననిది ఒకటుంది."

"ఏంటది?"

"చిన్నప్పుడు కూడా నువ్వు ఇది కావాలని ఏదీ అడిగి ఎరగవు. మా ముఖాలు చూసి నీ కోరిక మింగేసేదానివి. అందుకని రోజూ మనసులో అడిగేదాన్ని, దేవుడా, నా బిడ్డ ఒక్కసారైనా నోరు తెరిచి తనకేం కావాలో అడిగేలా చెయ్యి అని." అమ్మ కూతురి చెంప నిమిరింది. "పైకి అంటే అది కూడా నువ్వే ఎక్కడో కొనుక్కొచ్చి అలమరలో పెడతావని భయం."

కూతురి కన్నీళ్ళు టపటపా మిషన్ మీద రాలాయి. ఇన్నాళ్ళూ ఊరంతా తిరిగి అన్నీ మోసుకొచ్చింది. అమ్మకు అన్నిటికంటే కావలసింది మాత్రం తన నోట్లోనే ఉండిపోయింది.

"నాకు... నాకు వెళ్ళాలనుందమ్మా," అంది వెక్కుతూ. "చాలా వెళ్ళాలనుంది. పంపించు."

అమ్మ పైకి చూసి రెండు చేతులూ జోడించింది. "విన్నావా? అడిగింది! మా పిల్ల అడిగింది!"

ఆ తర్వాత ఇంట్లో ఒకటే హడావుడి. కూతురు ఫోన్ చేస్తుంటే, అమ్మ ఒక చెవి దగ్గరా నాన్న ఇంకో చెవి దగ్గరా. "వస్తున్నానండీ!" అని ఆమె అరిచిన అరుపుకు ఎదురింటి మేడ మీద చప్పట్లు మోగాయి. నాన్న బెల్టును మోటారుకు తగిలించి చూశాడు. అది దండలా వేలాడింది.

"కంటికొలతతో కొనేదానివి, రైలునెలా ఆపుతావే?" అని నవ్వుతూ, సరైన బెల్టు తేవడానికి చెప్పులేసుకున్నాడు.

సాయంత్రానికి యూనిఫారాలన్నీ మడతపెట్టి సిద్ధంగా ఉన్నాయి.

ప్రయాణమయ్యే రోజు పొద్దున అమ్మకు మెలకువ వచ్చేసరికి, మిషన్ దగ్గర ఎవరిదో గొంతు వినిపించింది. దేవుడితో మాటలు అలవాటు లేని గొంతు, తడబడుతోంది. ఈసారి తలుపుకు చెవి ఆనించడం అమ్మ వంతయింది.

"దేవుడా, నాకు భయంగానే ఉంది. అంత పెద్ద ఇంజన్ నా చేతికిస్తారట, కాస్త దగ్గరుండు. అమ్మానాన్నల్ని నీకే అప్పజెప్పి వెళ్తున్నాను. అమ్మ రేపట్నుంచి మళ్ళీ గట్టిగానే అడుగుతుంది, ఆ పైన నీ ఇష్టం." ముక్కు ఎగబీల్చి, మళ్ళీ అంది. "సైజు మాత్రం నువ్వే చూసుకో."