ఆపుకున్న ఓటు

సెనేటర్ ఆబ్నర్ లిండ్‌స్ట్రోమ్ కారెక్కినప్పుడు నిక్షేపంగా ఉన్నాడు. ఆ సంగతి ఆయన తిట్లను బట్టే తెలుస్తోంది.

"నువ్వు డ్రైవర్‌వా, శవాల బండి తోలేవాడివా? మధ్యాహ్నం ఓటింగు పెట్టుకుని ఈ నడకేమిటోయ్?"

"రెడ్ లైట్ సార్."

"నా వయసులో అన్నీ రెడ్ లైట్లే. పద, పద."

స్టీరింగ్ ముందు కూర్చున్నవాడి పేరు రాయ్స్ టాల్బట్. కౌంటర్ ఇంటెలిజెన్స్ ఏజెంట్. కొన్ని వారాలుగా నెరిసిన మీసం అంటించుకుని, టోపీ పెట్టుకుని, ఆ ముసలాయన కారు తోలుతున్నాడు. అతనెవరో వాషింగ్టన్‌లో ముగ్గురికే తెలుసు. ఒకరు సెనేటర్. ఇంకొకరు అతని చీఫ్ మార్జొరీ వెయిన్.

పని అప్పజెప్పిన రోజున మార్జొరీ కాఫీ కప్పు కింద పెట్టకుండానే బ్రీఫింగ్ ముగించింది.

"కార్వియాకి మన సైనిక సాయం ఆపేయాలని సెనేట్‌లో సవరణ వస్తోంది. ఆపమనేవాళ్లు యాభై. వద్దనేవాళ్లు యాభై. సమానమైతే సవరణ పోతుంది, సాయం నిలుస్తుంది. పీటముడి విప్పాల్సిన ఉపాధ్యక్షుడు దేశంలో లేడు. అంటే కార్వియాని మింగాలని చూస్తున్న ఓర్డెన్ దేశపు గూఢచారులకి ఒక్క తల తగ్గితే చాలు."

"ఎవరి తల?"

"ఇరవై ఏళ్లలో కార్వియా సాయం ఎన్నిసార్లు ఓటుకొచ్చినా ఒక్కసారి తప్ప అన్నిసార్లూ అనుకూలంగా వేసినవాడు ఒకడున్నాడు. డెబ్బై తొమ్మిదేళ్లు. పోయినా ఎవరూ అనుమానపడరు."

ఆ రోజు నుంచీ సెనేటర్ నోట్లోకి వెళ్లే ప్రతిదాన్నీ రాయ్స్ ముందు తన పెన్నుతో పరీక్షించాడు. చూడ్డానికి మామూలు పెన్నే. విషం తగిలితే కొన నీలంగా మారుతుంది. కాఫీలో ముంచాడు, సూపులో ముంచాడు, చివరికి సెనేటర్ దగ్గు మందులో కూడా ముంచాడు. "నా సూపులో ఉత్తరాలు రాస్తున్నావేంటోయ్" అని ఆయన విసుక్కునేవాడు.

సెనేటర్ కోటు జేబులోంచి ఒక చిన్న రేకు డబ్బా తీసి, గొంతు బిళ్ల ఒకటి నోట్లో వేసుకున్నాడు.

"అదెక్కడిది సార్?" అన్నాడు రాయ్స్ అద్దంలో చూస్తూ.

"మిలేనా ఇచ్చింది. ఇందాక ఆఫీసుకొచ్చి. వాళ్ల ఊరి తేనెతో చేసినవట."

ఆ పేరు వినగానే రాయ్స్ పెదాల మీద చిన్న నవ్వు వచ్చి పోయింది. మిలేనా డార్వాస్ కార్వియా రాయబార కార్యాలయంలో దుబాసీ. ఆమె ఎక్కడ అడుగు పెట్టినా తలలు తిరుగుతాయి. తమకు పని చేస్తోందని ఓర్డెన్ వాళ్లు నమ్ముతున్నారు. నిజానికి ఆమె రాయ్స్ నియమించిన డబుల్ ఏజెంట్. రాయ్స్ మీసం పెట్టుడుదని తెలిసిన మూడో మనిషి ఆమే. ఈ గొడవ ముగిశాక ఆమెకు ఉంగరం తొడగాలని అతను మనసులో అనుకుని చాలా కాలమైంది. అందుకే అన్నిట్లోనూ ముంచిన పెన్నును ఆ డబ్బా దగ్గరికి మాత్రం తీసుకెళ్లలేదు.

కారు వంతెన దిగుతుండగా వెనక సీట్లో తిట్లు ఆగిపోయాయి. రాయ్స్ అద్దంలో చూశాడు. ముసలాయన ముఖం సున్నంలా ఉంది. చెయ్యి గుండె మీద ఉంది.

రాయ్స్ స్టీరింగ్ గిర్రున తిప్పి ఆసుపత్రి దారి పట్టాడు.

"సభకి..." అన్నాడు సెనేటర్.

"మాట్లాడకండి సార్. వచ్చేశాం."

"ఎమరీని అడుగు. జత. నేనడిగానని చెప్పు."

అంతే. ఆసుపత్రి గుమ్మంలో స్ట్రెచర్ వచ్చేసరికే ఆయన పోయాడు. రాయ్స్ పెన్ను తీసి డబ్బాలోని బిళ్లకు ఆనించాడు. కొన నీలమైంది. అతను ఆ కొనను చూస్తూ నిలబడిపోయాడు. ఎవరి కోసం ఏడవాలో కూడా తెలియలేదు.

వెంటనే మార్జొరీకి ఫోన్ చేశాడు.

"పెద్దాయన పోయారు మేడమ్. డబ్బా మిలేనాది."

అవతల కాఫీ కప్పు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"ముందు నుయ్యి, వెనక గొయ్యి" అంది మార్జొరీ. "చావు కబురు బయటికొస్తే సభ ఆయన గౌరవార్థం వాయిదా. సాయం గడువు ఇవాళ్టితో సరి, ఇవాళ ఓటు తేలకపోతే అదే ఆగిపోతుంది. కబురు రాకపోతే ఒక ఓటు తక్కువ. కార్వియా ఆకాశానికి రేపట్నుంచి కాపలా ఉండదు."

"చనిపోయేముందు జత అడగమన్నారు. ఎమరీ థిబోడోని."

"మనం సెనేట్ ఓటు జోలికి పోకూడదు రాయ్స్. అది చట్టం."

"నేను డ్రైవర్‌ని మేడమ్. యజమాని మాట మోసుకెళ్తున్నా."

"అయితే నువ్వు డ్రైవర్‌వే. నాకు ఫోన్ చెయ్యలేదు." కాస్త ఆగి, "ఆ అమ్మాయిని నేను చూసుకుంటా. లేదా నువ్వే చూస్తావా?" అంది.

"నేనే చూస్తాను."

సెనేట్‌లో జత అనేది పాత మర్యాద. సభకు రాలేకపోయిన ప్రత్యర్థి కోసం, సభలో ఉన్నవాడు తన ఓటు ఆపుకుంటాడు. దాంతో అటొకటి ఇటొకటి తగ్గి లెక్క సరిపోతుంది. అంతా నోటి మాట మీద నడుస్తుంది. ఇప్పటి కుర్ర సెనేటర్లలో చాలామంది దాన్ని చూడనే లేదు. ఒక్కటే షరతు, రాలేకపోయినవాడు బతికి ఉండాలి.

లూసియానా సెనేటర్ ఎమరీ థిబోడో సభ తలుపు పక్కనున్న మిఠాయి బల్ల దగ్గర ఉన్నాడు. సెనేటర్లందరి కోసం ఆ బల్ల సొరుగులో మిఠాయిలు నింపే బాధ్యత ఆయనది. సొంత రాష్ట్రం నుంచి తెప్పించిన పెకాన్ గింజల చక్కెర బిళ్లలు కాగితం సంచీలోంచి సొరుగులోకి ఒంపుతున్నాడు. వాటిని దొంగిలించడంలో ఆబ్నర్‌ది మొదటి స్థానం.

ఇద్దరూ ముప్ఫై ఏళ్లుగా ఎదురెదురు. ఎమరీ ఒక్కగానొక్క కొడుకు సైన్యంలో చేరి, పరాయి దేశపు యుద్ధంలో పోయాడు. కొడుకు శవపేటిక మీద చెయ్యి వేసి, ఇంకే దేశపు యుద్ధానికీ ఒక్క తూటా పంపనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. అప్పట్నుంచీ ప్రతి సైనిక సాయానికీ ఎదురు ఓటే. లూసియానాలో కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులు ఆయన రికార్డును చూసే ఆయన్ను గెలిపిస్తారు.

రాయ్స్ గుమ్మం దగ్గర నిలబడి పిలిచాడు. ఎమరీ బయటికొచ్చాడు.

"ఏమోయ్ డ్రైవరూ! మీ ముసలాడేడి? సొరుగు నింపానని వాసన తగల్లేదా?"

"ఒంట్లో బాగోలేదు సార్. డాక్టర్ల దగ్గరున్నారు. రాలేరు."

"ఎంత బాగోలేదు?"

"రాలేనంత సార్." రాయ్స్ కళ్లు దించుకున్నాడు. "మీతో జత కావాలన్నారు."

ఎమరీ చేతిలో సంచీ అలాగే ఉండిపోయింది.

"ఏమన్నాడో మాట మార్చకుండా చెప్పు."

"'ఎమరీని అడుగు. జత. నేనడిగానని చెప్పు.' అంతే సార్."

"తిట్టలేదా?"

"లేదు సార్."

"గాడిదా అనలేదా? మొండి ముసలాడా అనలేదా?"

"లేదు సార్. అంతే అన్నారు."

ఎమరీ పక్కనున్న బెంచీ మీద మెల్లగా కూర్చున్నాడు. సంచీ పక్కన పెట్టుకున్నాడు. లోపల గంట మోగింది.

"నా కొడుకుని పాతిపెట్టిన రోజున కూడా కార్వియా మీదే ఓటింగోయ్" అన్నాడు చివరికి. "నేను సమాధి దగ్గరున్నా. ఇక్కడ ఆబ్నర్ నాతో జత కట్టి ఓటాపుకున్నాడు. ఇరవై ఏళ్లలో వాడు కార్వియాకి చెయ్యెత్తనిది ఆ ఒక్కసారే."

అవునని గానీ కాదని గానీ చెప్పకుండా లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఒక ముసలివాణ్ణి మోసం చేశానని రాయ్స్‌కు తెలుసు. బెంచీ మీద పెకాన్ బిళ్ల ఒకటి పడి ఉంది. దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు.

గ్యాలరీలో మిలేనా ముందు వరసలో కూర్చుంది. ఆకుపచ్చ కోటు, ఒళ్లో తెల్లటి చేతి తొడుగులు. రాయ్స్ ఆమె వెనక వరసలో కూర్చున్నాడు. కింద క్లర్క్ ఒక్కో పేరే చదువుతున్నాడు. ఆపాలి. వద్దు. ఆపాలి. వద్దు.

"లిండ్‌స్ట్రోమ్."

జవాబు లేదు. క్లర్క్ తలెత్తి ఖాళీ కుర్చీకేసి చూసి మళ్లీ పిలిచాడు. మిలేనా తల దించుకుంది. ఆమె మెడ వెనక చిన్న వెంట్రుకలు వణుకుతున్నాయి. ఆ మెడను ఎన్నోసార్లు ముద్దు పెట్టుకున్నవాడు ఇప్పుడు జేబులో బేడీలు తడుముకున్నాడు.

పేర్లు సాగిపోయాయి. గోడ పక్కన సాయం ఆపమనేవాళ్లు అప్పుడే ఒకరి చేతులొకరు పట్టుకుని ఊపుకుంటున్నారు.

"థిబోడో."

ఎమరీ లేచాడు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"అధ్యక్షా, ఈ ఓటులో నాకు మిన్నెసోటా సెనేటర్ లిండ్‌స్ట్రోమ్‌తో జత ఉంది. ఆయన ఇక్కడుంటే 'వద్దు' అనేవారు. ఓటేసే వీలుంటే నేను 'ఆపాలి' అనేవాణ్ణి." ఖాళీ కుర్చీకేసి ఒకసారి చూశాడు. "నా ఓటు ఆపుకుంటున్నాను."

ఒక్కసారిగా సభలో గోల లేచింది. ఎవరో అరిచారు, ఎవరో ఏమైందని అడిగారు. అధ్యక్షుడు సుత్తి కొట్టాడు. నలభై తొమ్మిది, నలభై తొమ్మిది. సవరణ వీగిపోయింది. కార్వియాకి సాయం నిలిచింది.

మిలేనా లేచి నడవాలోకి వచ్చింది. రాయ్స్ ఎదురుగా నిలబడ్డాడు. వాళ్లిద్దరికీ ఒక కోడ్ ఉండేది. నా పని అయిపోయింది, దొరికిపోయాను అని చెప్పాలంటే గొడుగు మాట ఎత్తాలి.

"గొడుగు మర్చిపోయాను రాయ్స్" అంది ఆమె.

"బయట ఎండగానే ఉంది."

"ఆ థిబోడో ఎలా మారాడు? నూరుమంది రికార్డులూ చదివాం మేం. ఎవరు ఎప్పుడు ఎటు వేశారో కంఠతా పట్టాం. ఆయన ఒక్కసారి కూడా మారలేదు."

"ఇవాళా మారలేదు. నోరు విప్పలేదంతే. అవతలివాడితో ఆయనకున్న స్నేహం రికార్డులో రాయరు మిలేనా."

ఆమె గోడకు ఆనుకుంది. ఏడుస్తూ ఒక్కసారి నవ్వింది కూడా.

"మా ఊరు నిలిచిందిగా. ఆ బిళ్లలు ఇస్తున్నప్పుడు కూడా మా ఊరే కనబడింది. కానీ మా తమ్ముడు ఓర్డెన్ వాళ్ల జైల్లో ఉన్నాడు. సవరణ గెలిస్తే వదిలేస్తామన్నారు. నీకు చెప్పి ఉండాల్సింది."

"చెప్పి ఉండాల్సింది."

"ఇప్పుడు వాణ్ణి చంపేస్తారు కదూ?"

రాయ్స్ చెవిలోని బటనంత రేడియోలో, వాళ్ల మాటలు వింటున్న మార్జొరీ గొంతు పలికింది. "ఇప్పుడే తెలిసింది. ఆ కుర్రాడు వసంతంలోనే పోయాడు. దాచి ఆమెతో పని చేయించుకున్నారు."

రాయ్స్ కళ్లు మండాయి. ఆమె అతని జవాబు కోసం చూస్తోంది.

"ఇంక వాణ్ణి వాళ్లేం చెయ్యలేరు మిలేనా" అన్నాడు.

ఆమె ఆ మాట నమ్మింది. రెండు చేతులూ తనే ముందుకు చాపింది. ఉంగరం తొడగాలనుకున్న చేతికి అతను బేడీ వేశాడు. మెట్లు దిగుతున్నంతసేపూ ఆమె తమ్ముడి గురించే చెప్పింది, చిన్నప్పుడు వాడికి చీకటంటే ఎంత భయమో. రాయ్స్ వింటూ నడిచాడు. ఆమె వేళ్లు అతని వేళ్లను పట్టుకునే ఉన్నాయి. విడిపించుకోవడం అతని వల్ల కాలేదు.

మర్నాడు పొద్దున సభ ఖాళీగా ఉంది. లిండ్‌స్ట్రోమ్ బల్ల మీద నల్ల గుడ్డ పరిచి, పైన గాజు గిన్నెలో తెల్ల గులాబీలు పెట్టారు. ఎమరీ థిబోడో ఒక్కడే ఆ పక్కన కూర్చుని ఉన్నాడు. పూల గిన్నె చుట్టూ పెకాన్ బిళ్లలు పేర్చి ఉన్నాయి.

రాయ్స్ గుమ్మం దగ్గర ఆగాడు. చేత్తో లోపలికి రమ్మన్నాడు ఎమరీ.

"మీసం ఏమైందోయ్?"

"దాంతో పనైపోయింది సార్. మీకొక నిజం చెప్పాలి. నిన్న నేను మీ దగ్గరికొచ్చేసరికే ఆయన..."

"పోయాడు. తెలుసు."

రాయ్స్ పక్క కుర్చీలో కూలబడ్డాడు.

"ముప్ఫై ఏళ్లలో ఆ ముసలాడు నాకు తిట్టు లేని కబురు ఒక్కటి పంపలేదోయ్. మా ఆవిడ పోయినప్పుడు కూడా తిడుతూనే ఓదార్చాడు. నువ్వు తిట్టు లేని మాట తెచ్చావు. తిట్టడానికి కూడా ఊపిరి లేకుండా అడిగాడని అప్పుడే తెలిసింది."

"అయినా లేచి జత ఉందన్నారు."

"అన్నాను. అబద్ధమే ఆడాను." ఎమరీ నల్ల గుడ్డ మడతను వేలితో సరిచేశాడు. "రాత్రంతా మావాడి ఫోటో ముందు కూర్చున్నా. ఒట్టు తప్పానని చెప్పాను. వాడేమనుకున్నాడో తెలీదు. లూసియానా తల్లులేమంటారో అదీ తెలీదు."

ముసలాయన కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. తుడుచుకోలేదు. రాయ్స్ జేబులోంచి నిన్నటి పెకాన్ బిళ్ల తీసి మిగతా వాటి పక్కన పెట్టాడు.

ఎమరీ ఒళ్లో ఉన్న దినపత్రిక మడిచి, నల్ల గుడ్డ మీద తట్టాడు.

"చూశావా, పేపరువాళ్లు వీడి చావుకి రెండు కాలమ్‌లిచ్చి, నేను నోరు మూసుకున్నందుకు మూడిచ్చారు. బతికుంటే కుళ్లుకుని చచ్చేవాడు."