శాండ్‌విచ్ కొట్టుకి పార్సిల్

"పిచ్చుక పోయినట్టే అనుకో," అన్నాడు చీఫ్, టీలో బిస్కెట్ ముంచుతూ.

బిస్కెట్ సగానికి విరిగి కప్పులో మునిగిపోయింది. చీఫ్ దానికేసి ఓ క్షణం చూసి, చేతిలో మిగిలిన సగం నోట్లో వేసుకున్నాడు. పోయినవాళ్ల గురించి అంతకంటే ఎక్కువ బాధపడే ఆనవాయితీ ఆ డిపార్ట్‌మెంట్‌లో లేదు.

పైన తివాచీల గోడౌన్, కింద సీక్రెట్ సర్వీస్. నేలమాళిగ గోడలకి చెమ్మ. ఎదుటి కుర్చీలో కూర్చున్న ఏజెంటుకి కోడ్‌నేమ్ తాబేలు. మోకాళ్లు అరిగాక పెట్టిన పేరు కాదది, అంతకుముందే ఉంది. మోకాళ్లు తర్వాత పేరుకి న్యాయం చేశాయి.

"పోయినట్టే అంటే, ఇంకా పోలేదన్నమాట," అన్నాడు తాబేలు.

"మాట పట్టుకోకు. విను. మన రహస్యాలు కొంటున్న విదేశీ గూఢచారుల రింగ్‌లో పిచ్చుక మూడేళ్లుగా మన మనిషిగా ఉన్నాడు. అమ్ముతున్నది మనలోనే ఒకడు. వాడెవడో పిచ్చుక కనిపెట్టాడు. పేరు వైర్‌లెస్‌లో చెప్పనన్నాడు, ఎదురుగా కూర్చుని చెవిలోనే చెబుతాడట. ఈలోగా రింగ్ వాళ్లు పిచ్చుకని పసిగట్టేశారు. నిన్న రాత్రి ఆఖరి మెసేజ్. 'రేపు లంచ్ టైమ్. బాన్ మీ. వెజ్.' అక్కడితో లైన్ కట్."

"బాన్ మీ అంటే వియత్నాం శాండ్‌విచ్ కదూ?"

"అదే. కరకరలాడే పొడుగు బ్రెడ్డు, లోపల ఊరేసిన కేరట్, ముల్లంగి, కొత్తిమీర. వెజ్ అంటే మాంసం బదులు టోఫూ, అదే సోయా పన్నీరు. ఇంతవరకూ బాగానే ఉంది. ఈ ఊళ్లో సందుకో డెలి, అంటే శాండ్‌విచ్ కొట్టు ఉంది. కౌంటరూ నాలుగు కుర్చీలూ ఉంటే చాలు, డెలి అని బోర్డు పెట్టేస్తున్నారు. సగం కొట్ల అద్దాల మీద వియత్నాం శాండ్‌విచ్ అని రాసి ఉంటుంది. ఎక్కడని వెతుకుతాం? ఆశ పెట్టుకోకు. వాడు దొరికితే పేరు పట్టుకురా. వాణ్ణి తేలేకపోయినా ఫర్వాలేదు."

 పిచ్చుక తాబేలుకి బావమరిది. అక్కని చూడ్డానికి ఆసుపత్రికి దొంగచాటుగా వచ్చి, ఇంజెక్షన్ గది వెనక నిలబడి ఏడ్చి వెళ్లినవాడు. ఆమె పోయేముందు మొగుడి చెయ్యి పట్టుకుని అడిగింది ఒక్కటే. "వాడు ఆకలేసినా నోరు తెరిచి అడగడు. కాస్త కనిపెట్టుకుని ఉండండి."

తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత నెమలి వచ్చింది. బూడిదరంగు కోటు, ఎర్రటి మడమల బూట్లు, మెడలో కెమెరా. ఫుడ్ మ్యాగజైన్ రిపోర్టర్ వేషం. రింగ్ దగ్గర జీతం పుచ్చుకుంటూ మనకి పనిచేసే డబుల్ ఏజెంట్ అని రికార్డుల్లో ఉంది. ఎవరు ఎవర్ని మోసం చేస్తున్నారన్నది ఆమెకే తెలియాలి.

"పాత మార్కెట్ వైపు నువ్వు, బ్రిడ్జి వైపు నెమలి," అన్నాడు చీఫ్. "కోడ్ వర్డ్, 'ముల్లంగి ఊరిందా?' జవాబు, 'ఊరింది, కారమే తక్కువ.'"

"గురువుగారికి వేషం అక్కర్లేదా?" అంది నెమలి నవ్వుతూ.

"రిటైరైన ఇన్సూరెన్స్ ఏజెంటుని," అన్నాడు తాబేలు. "వేషం వేసుకునే వచ్చాను."

గాడ్జెట్ల గదిలో ముసలాయన రేడియో వాచీ, ఒక గొడుగు ఇచ్చాడు. "ఈ బటన్ నొక్కితే మత్తు గ్యాస్ వచ్చేది. గ్యాస్ నింపడం మానేశారు. ఇప్పుడు గొడుగు తెరుచుకుంటుందంతే." తర్వాత గొంతు తగ్గించి, "బయట వర్షం పడుతోందిలే, అలాగైనా పనికొస్తుంది," అన్నాడు.

మొదటి డెలిలో టోఫూ అయిపోయింది. రెండోదానిలో వెజ్ అంటే చికెన్ తక్కువ వేస్తామన్నారు. ఇంకోచోట కోడ్ వర్డ్ చెబితే కౌంటర్ కుర్రాడు సీరియస్‌గా జాడీ మూత తీసి చూసి, "ఇంకా ఊరలేదు సార్, సాయంత్రం రండి," అన్నాడు. ప్రతి కొట్లోనూ ఒంటరిగా కూర్చున్న ప్రతి మగాడి మొహమూ తాబేలు చూశాడు. ఒక్కటీ తనకి కావలసిన మొహం కాదు. తడిసిన బూట్లతో నడిచి నడిచి మోకాళ్లు ములుకుల్లా పొడుస్తున్నాయి. ట్రామ్‌లో ఒకావిడ లేచి సీటిచ్చింది. ఈ పూట ఇంతకంటే మంచి జరగదేమో అనుకుంటూ కూర్చున్నాడు.

వాచీ గరగరలాడింది. "ఏమైనా తెలిసిందా?" చీఫ్ గొంతు.

"లేదు సార్."

"చెప్పానుగా. బాధపడకు."

మార్కెట్ చివర నీలం తలుపుల డెలి. లోపల ఆవిరి, వేడి బ్రెడ్డు వాసన. ఆర్డరిద్దామని కౌంటర్ దగ్గరికి వెళ్లినవాడు, పక్కన కడగాల్సిన ప్లేట్ల గుట్ట చూసి ఆగిపోయాడు.

ఒక ప్లేట్లో ముట్టని బాన్ మీ. పై బ్రెడ్డు తీసి, పుస్తకం తెరిచినట్టు పక్కన వెల్లకిలా పెట్టి ఉంది.



తాబేలు అత్తవారింట్లో ఒక చట్టం ఉండేది. బయట ఏం కొన్నా, బన్నయినా కేకయినా, తెరువు, చూడు, వాసన చూడు, అప్పుడు తిను. పుట్టు శాకాహారులు. చేప నూనె చుక్క తగిలినా వాళ్ల ముక్కులు పోలీసు కుక్కల్లా పట్టేసేవి. పెళ్లయిన కొత్తలో హోటల్లో పదిమందీ చూస్తుండగా భార్య శాండ్‌విచ్ మూత తీసి మొహం దాంట్లో పెడితే తాబేలు సిగ్గుతో చచ్చిపోయేవాడు. "పోస్ట్‌మార్టం అయిందా, డాక్టరమ్మా?" అనేవాడు. ఆమె అతని ప్లేటు కూడా లాక్కుని పరీక్ష చేసేది. ఇప్పుడు అతని బ్రెడ్డు తెరిచేవాళ్లు లేరు. ఏం పెడితే అది తినేస్తున్నాడు.

"ఇది ఎవరిదమ్మా?" అన్నాడు కౌంటరావిడతో.

"ఎవరో మహానుభావుడు," అందామె చెయ్యి తుడుచుకుంటూ. "వెజ్ అడిగాడు, టోఫూ పెట్టి ఇచ్చాను. మూత తీసి వాసన చూసి, ఇందులో చేపుందన్నాడు. ముక్క లేదు బాబూ, ఫిష్ సాస్ చుక్క పోశాను, అది లేకపోతే రుచేముంటుంది అన్నాను. తిట్టలేదు, కొట్టలేదు. దండం పెట్టాడు. రెండు రోజుల ఆకలి మొహం. నాకే జాలేసింది. బ్రిడ్జి కింద ముసలమ్మ డెలికి వెళ్లమన్నాను. ఆవిడ చేప ముట్టదు, అంతా సోయా సాస్‌తోనే."

తాబేలు ఆమెకి తనూ దండం పెట్టి బయటికొచ్చి వాచీ నొక్కాడు. బ్రిడ్జి చాలా దూరం. నెమలి అటువైపే ఉంది.

"నెమలీ! బ్రిడ్జి కింద ముసలమ్మ డెలి. పిచ్చుక అక్కడున్నాడు. నువ్వు దగ్గర్లో ఉన్నావు, పరిగెత్తు."

"శభాష్ గురువుగారూ! వెళ్తున్నా. పాపం, ఆకలిగా ఉంటాడేమో. ఇక్కడో మంచి వెజ్ బాన్ మీ దొరుకుతోంది, పార్సిల్ కట్టించుకుని వెళ్తా."

"మంచిది తల్లీ," అన్నాడు తాబేలు.  ఈ ఉద్యోగంలో కూడా ఒకరి ఆకలి గురించి ఆలోచించేవాళ్లున్నారు.

ట్రామ్ ఎక్కి రెండు మలుపులు తిరిగాక అతని చెయ్యి గొడుగు మీద బిగుసుకుంది.

పిచ్చుక కూర్చున్నదే శాండ్‌విచ్ కొట్లో. శాండ్‌విచ్ కొట్టుకి శాండ్‌విచ్ పార్సిల్ ఎందుకు?

ఏట్లో నిలబడ్డవాడికి చెంబుతో నీళ్లు మోసుకెళ్తారా ఎవరైనా? మోసుకెళ్తే, ఆ నీళ్లలో ఏదో ఉండబట్టే. పొద్దుట్నుంచి వెతికి వెతికి, బావమరిది ఎక్కడున్నాడో తన నోటితో తనే చంపేవాళ్లకి చెప్పాడు.

ట్రామ్ ముందు లారీ ఆగిపోయింది. తాబేలు దిగి పరిగెత్తాడు. అది పరుగని చూసేవాళ్లెవరూ ఒప్పుకోరు. వర్షంలో ఒక ముసలివాడు కుంటుతూ, ఎవర్నో తిట్టుకుంటూ పోతున్నాడంతే.

బ్రిడ్జి కింద డెలి, తడి కాంక్రీటు కింద వెలుగుతున్న ఇరుకు గది. కిటికీ పక్క బల్ల దగ్గర పిచ్చుక. బుగ్గలు పీక్కుపోయాయి, గడ్డం మాసింది. ఎదురుగా నెమలి, చెంపకి చెయ్యి ఆనించుకుని ఫోటోలోలా కూర్చుంది. ముసలమ్మ లోపల పొయ్యి దగ్గర టోఫూ వేయిస్తోంది. పిచ్చుక ఇచ్చిన ఆర్డర్ ఇంకా తయారవలేదు.

బల్ల మీద పార్సిల్ కాగితం విప్పి ఉంది. బ్రెడ్డు తెరిచి ఉంది.

అమ్మయ్య, వాసన పట్టాడు, తినడు అనుకున్నాడు తాబేలు, తలుపు తోస్తూ.

"క్షమించండి, ఇందులో ఫిష్ సాస్ ఉంది," అంటున్నాడు పిచ్చుక మొహమాటంగా. "మీరు అంత ప్రేమగా తెచ్చారు. పర్వాలేదు, లోపలిదంతా తీసేసి పైబ్రెడ్డు తింటాను. దానికి సాస్ అంటలేదు."

"తినండి, తినండి," అంది నెమలి మెత్తగా. "బ్రెడ్డే బావుంటుంది."

వాడు బ్రెడ్డు నోటిదాకా ఎత్తాడు. బల్లకీ తలుపుకీ మధ్య రెండు కుర్చీలు, ఒక నీళ్ల బకెట్టు. తాబేలు మోకాళ్లు అక్కడితో సమ్మె చేశాయి. నోరు తెరిస్తే ఎగశ్వాస తప్ప మాట రాలేదు. చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం ముందుకి చాచి బటన్ నొక్కాడు.

గొడుగు భళ్లున తెరుచుకుంది. పిచ్చుక చేతిలో బ్రెడ్డు ఎగిరి బకెట్టు నీళ్లలో పడింది.

"బావా!" అన్నాడు పిచ్చుక. "ఏంటిది? ఆకలితో చస్తున్నా!"

"తిని చచ్చేవాడివిరా," అన్నాడు తాబేలు రొప్పుతూ. కాగితంలో మిగిలిన కింది బ్రెడ్డు నెమలి ముందుకి జరిపాడు. "అమ్మాయ్, ఒక్క ముక్క నువ్వు తిను. నేను ఇంటికి వెళ్లిపోతాను."

నెమలి బ్రెడ్డుకేసి చూసింది. తర్వాత కిటికీకేసి చూసింది. తినలేదు. ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లి అక్కడే ఉండిపోయింది. ఆ చేతిలో ఏముందో ఇద్దరికీ తెలుసు.

"రింగ్ ఆర్డర్, గురువుగారూ," అంది. "మీరంటే నాకేం కోపం లేదు. పేరు బయటికి రాకూడదు."

"వాడి చెవిలో ఉన్నది నా చెవిలో పడనీ. ఎలాగూ ఇద్దర్నీ చంపుతావు," అన్నాడు తాబేలు, పిచ్చుక పక్కన కూలబడుతూ. "చెప్పరా. ఎవరు అమ్ముతున్నది?"

పిచ్చుక నెమలికేసి ఓసారి చూసి, గట్టిగానే చెప్పాడు. "చీఫ్."

 తాబేలుకి పొద్దున్న చీఫ్ టీలో మునిగిన బిస్కెట్ గుర్తొచ్చింది. అరిగిన మోకాళ్లవాణ్ణి ఎందుకు పంపాడో, ఆశ పెట్టుకోకని ఎందుకంత దయగా చెప్పాడో అర్థమైంది.

నెమలి ఉన్నట్టుండి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"చీఫ్ కోసం రింగ్‌ని మోసం చేస్తున్నానని చీఫ్‌కి చెప్పాను. రింగ్ కోసం చీఫ్‌ని మోసం చేస్తున్నానని రింగ్‌కి చెప్పాను. ఇన్నాళ్లూ వెర్రిదాన్నయింది నేనన్నమాట. రెండూ ఒకే దుకాణం." చెయ్యి హ్యాండ్‌బ్యాగులోంచి ఖాళీగా బయటికొచ్చింది. "మీ తర్వాత పార్సిల్ నాకే వస్తుంది."

వాచీ గరగరలాడింది. "తాబేలూ, రిపోర్ట్."

ముగ్గురూ దానికేసి చూశారు. తాబేలు గొంతు సవరించుకున్నాడు. నెమలి తల ఊపింది.

"ఆలస్యమైపోయింది సార్. నేను వచ్చేసరికే ఏదో తిని పోయాడు."

"మంచి..." అని ఆగి, "పాపం," అన్నాడు చీఫ్. "పేరేమైనా చెప్పాడా?"

"లేదు సార్."

"నీ తప్పేం లేదు. పొద్దున్నే చెప్పాను నీకు. తిరిగొచ్చెయ్, టీ తాగుదాం."

"వస్తా సార్," అని తాబేలు వాచీ విప్పి, బకెట్టులో బ్రెడ్డు పక్కన వేశాడు.

ఎవరికి చెప్పాలి ఇప్పుడు? పైవాళ్లెవరూ లేరు, ఉన్నవాడు చీఫే. సాక్ష్యమంటే ఒక విషపు బ్రెడ్డు, దాని మీద చీఫ్ పేరు రాసి లేదు. సాయంత్రానికి టీ చల్లారుతుంది, చీఫ్‌కి అనుమానం వస్తుంది, మనుషులు బయల్దేరుతారు. ఇల్లు, పెన్షను, గోడ మీద భార్య ఫోటో, అన్నీ అటువైపు ఉండిపోయాయి. ఇక ఏ ఊళ్లో ఏ పేరుతో బతకాలో కూడా తెలియదు. ఉన్నదల్లా పక్కన కూర్చుని ఆకలితో వణుకుతున్న ఈ కుర్రాడు. నిజానికి ఆమె అడిగింది కూడా అంతే.

ముసలమ్మ లోపల్నుంచి వచ్చింది. ఎవరూ చెప్పకుండానే ముగ్గురికీ మూడు ప్లేట్లు పెట్టింది. వేడి బ్రెడ్డు, వేయించిన టోఫూ, బాగా ఊరిన ముల్లంగి.

పిచ్చుక మూత తీసి వాసన చూశాడు. నెమలి కూడా తీసి చూసింది. తాబేలు, పెళ్లయిన ఇన్నేళ్లకి మొదటిసారిగా, తన బ్రెడ్డు తెరిచి మొహం దాంట్లో పెట్టాడు. కొత్తిమీర వాసన. కళ్లు చెమ్మగిల్లాయి. మిరపకాయలవల్ల అని చెప్పడానికి మిరపకాయ వెయ్యనేలేదు.

ముసలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏం, నా తిండి మీద నమ్మకం లేదా?"

"మీ తిండి మీద ఉందమ్మా," అన్నాడు తాబేలు. "మా ఆఫీసు మీదే లేదు."