మునిగినవాడి వంతు

కొందరుంటారు. పదిమందీ తినే గిన్నెలో ఎంగిలి చెయ్యి పెట్టి కెలికి, తమాషాకి చేశానంటారు. తాడేపల్లిగూడెంలో హెన్రీ వాళ్ల మేడమీదికి ప్రతి ఆదివారం ఆటకొచ్చే వెంకట్రాజు ఆ బాపతు మనిషి.

ఆటంటే కథ ఆడటం. కెజియా టీచరు కథ నడుపుతుంది. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, అది ఏం చేస్తుందో ఏమంటుందో చెబుతారు. అనుకున్నది నెరవేరిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. ఈసారి కథ కొల్లేటి లంకల్లో. వెంకట్రాజు పాత్ర గంగన్న అనే చేపల దొంగ. కిరాణా కొట్టువారి అమ్మాయి ఇందుజది పడవ నడిపే చుక్కమ్మ పాత్ర. ఇందుజకు నత్తి. కాలేజీలో నోరు విప్పదు. చుక్కమ్మ అయ్యాకే, తడబడుతూనైనా, నలుగురి ముందూ మాట్లాడుతోంది. ఆ నాలుగు మాటల కోసమే కెజియా ఈ ఆటను పట్టుకుని వేలాడుతోంది.

వెంకట్రాజు మాట్లాడనిస్తేగా! ఇందుజ నోరు తెరిస్తే చాలు, "గంగన్న దాని పడవలో ఉమ్మేశాడండీ" అంటాడు. ఆ పిల్ల నత్తిని వెక్కిరిస్తాడు. నోట్లో జంతిక తుంపర్లు పాచికల మీద పడేలా నవ్వుతాడు.

"ఆటేగా టీచరుగారూ! గంగన్న అలాంటోడు మరి, నన్నేం చెయ్యమంటారు?"

కెజియా ఆ పాచికలు తుడిచి పక్కన పెట్టేది. పాత్ర చాటున నక్కి మనిషి చేసే పాడుపని అది. 'ఇక రాకండి' అంటే సరిపోయేది. కానీ 'అండీ' అనకుండా మంచినీళ్లు కూడా అడగని మనుషులాయె, గడప తొక్కినవాణ్ణి పొమ్మనడానికి నోరు రాలేదు. హెన్రీతో కూడబలుక్కుంది. కథలో గంగన్నని చంపేస్తే, సిగ్గుండి వెంకట్రాజే మానేస్తాడని.

చంపేశారు. పడవ బోల్తా పడింది. గుర్రపుడెక్క వేళ్లు కాళ్లకు చుట్టుకున్నాయి. నోట్లోకీ ముక్కుల్లోకీ కుళ్లు బురద... కెజియా కసిదీరా చెప్పింది. వెంకట్రాజు పాచికలు గిరాటేసి వెళ్లిపోయాడు.

పై ఆదివారం మధ్యాహ్నం ముసురు పట్టింది. కరెంటు లేదు. అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని కూర్చున్నారు. అప్పుడు మెట్ల మీద అడుగులు... పచక్... పచక్...

వెంకట్రాజే. వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. వెక్కిరింత లేదు, నవ్వు లేదు. నీళ్లు తోడేసిన చేపల చెరువు అడుగున ఎండకు కుళ్లే వాసన గదంతా కమ్మింది. కెజియా పైటకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

ఆయన పాచికలు అందుకున్నాడు. వేళ్లు నాని, తెల్లగా పాలిపోయి... పాచిక దొర్లింది. దానికి చర్మం పేలిక అతుక్కుని ఉంది.

"నా వంతు," అన్నాడు మెల్లిగా.

హెన్రీకి ఏం తోచిందో, బల్లకింద ఫోను నొక్కాడు. అవతల ఎత్తారు. స్పీకర్లోంచి అందరికీ వినబడింది.

"ఏంటి హెన్రీ? ఏలూరులో మా చెల్లెలింట్లో ఉన్నా. మీ దిక్కుమాలిన ఆటకి చచ్చినా రాను!"

వెంకట్రాజు గొంతే. ఫోను హెన్రీ చేతిలోంచి జారింది.

కుర్చీలోది తలెత్తలేదు.

కెజియాకి అప్పటికి నోరొచ్చింది. "వెళ్లిపోండి... ఇక రావద్దండి..."

"ఆ మాట ఆయనతో అనాలండీ." గొంతులో బురద బుడగలు పగిలాయి. "నేను గంగన్నని. నాకు వేరే ఇల్లెక్కడిదండీ? మీరు చెప్పినచోటే ఉన్నాను..."

కెజియా చటుక్కున ఇందుజ చెయ్యి పట్టుకుంది. "లేమ్మా. పద. లే..."

ఇందుజ లేవలేదు. చెయ్యి మంచులా ఉంది. ఎదుటి కుర్చీ వైపే చూస్తోంది.

"పాపం, ఒక్కడూ ఎన్నాళ్లు మునిగుంటాడు టీచరుగారూ? నా పడవలో ఎక్కించుకుంటాను."

మాట ఎక్కడా తడబడలేదు. ఆ పిల్ల పెదవి మూల నుంచి నల్లటి జలగ ఒకటి... మెల్లిగా నోట్లోకి వెళ్లిపోతోంది.