పద్నాలుగో గదిలో ఎనిమిదో నంబరు

ఆ యూనివర్సిటీలో పద్నాలుగో గదికి మంచి పేరు లేదు.

చిన్న ప్రైవేటు యూనివర్సిటీ అది. ఉన్నవి మూడే భవనాలు. ఒక చివర ఎవరైనా తుమ్మితే రెండో చివరివాళ్ళు చిరంజీవ అంటారు. పద్నాలుగో గది మాత్రం నేల కింద, పన్నెండు మెట్లు దిగితే వస్తుంది. ఇరవై రెండేళ్ళ కిందట అక్కడ చదివిన ఒకమ్మాయిని హాజరు చాలలేదని పరీక్ష రాయనివ్వలేదట. ఆ సాయంత్రం చివరి బెంచీ మీద కూర్చుని ఏడ్చింది... ఆ తర్వాత ఎవరికీ కనపడలేదు. చచ్చిపోయిందన్నారు. చీకటి పడ్డాక వచ్చి, తక్కువపడిన హాజరు ఇప్పటికీ వేయించుకుంటోందన్నారు.

మా పిన్నికి పాఠం చెప్పమని ఇచ్చింది ఆ గదే. ఇది ఆవిడ చెప్పిన కథే, నేను ఉప్పూకారం చల్లలేదు. పిన్నికి దెయ్యాలంటే నమ్మకం లేదు. మనుషులంటే అంతకన్నా లేదు.

కంటి పరీక్షలు చెయ్యడం, కళ్ళజోళ్ళకు అద్దాలు అమర్చడం నేర్పే ఏడాది కోర్సు. పగలు పనులు చేసుకునేవాళ్ళ కోసం రాత్రి ఏడింటికి మొదలవుతుంది. పాసైన ప్రతివాళ్ళకీ ఒక కంటి ఆసుపత్రి ఉద్యోగమిస్తానంది. చేరినవాళ్ళు ఏడుగురు. కనీసం ఎనిమిదిమంది ఉండాలన్నది నిబంధన. నెలాఖరున డీన్‌గారు స్వయంగా వచ్చి తలలు లెక్కపెడతారు. ఒక్క తల తగ్గినా కోర్సు మూసేస్తారు. ఏడుగురి ఉద్యోగాలూ పోతాయి, వాళ్ళతోపాటు పిన్ని కాంట్రాక్టూ పోతుంది.

రిజిస్టరు ఇస్తూ ఆఫీసు గుమాస్తా గొంతు తగ్గించాడు. కనపడిన ప్రతి కాగితం మీదా సీలు గుద్దుతాడని అతన్ని అందరూ సీలయ్య అంటారు.

"అమ్మా... హాజరు ఏడుతో ఆపెయ్యండి. ఎనిమిది అనకండి."

"ఎందుకని?"

"ఆ పిల్ల నంబరు ఎనిమిది."

ఇతనికెందుకింత భయం? పిన్నికి మొదటి అనుమానం అక్కడే పుట్టింది.

గది పొడవుగా ఉంటుంది. ఈ చివర గోడ మీద అక్షరాల పట్టిక, దాని వెనక దీపం. పట్టిక బాగా కనపడాలని మిగతా లైట్లు ఆర్పేస్తారు. ఆ చివరన పాత బీరువాలు... వాటి వెనక చీకటి.

అక్కడ పేర్లు పిలిచే అలవాటు లేదు, నంబర్లే. పిన్ని తలొంచుకుని గబగబా పిలుచుకుంటూ పోయింది.

"ఆరు."

"ప్రెజెంట్ మేడమ్."

"ఏడు."

"ప్రెజెంట్ మేడమ్."

"ఎనిమిది—" నోరు జారింది.

"...ప్రెజెంట్ మేడమ్."

సన్నటి గొంతు. గది చివరి నుంచి.

తలెత్తి చూస్తే ఏడుగురే. ఏడుగురూ బిగుసుకుపోయి ఉన్నారు. పిన్ని చెయ్యి అప్పటికే ఎనిమిది పక్కన టిక్కు పెట్టేసింది. పేరు ఉండాల్సిన గడి ఖాళీగా ఉంది.

'ఓహో, కోర్సు నిలబెట్టుకోడానికి వీళ్ళు ఆడుతున్న నాటకమా?' అనుకుంది పిన్ని. లేని మనిషికి టిక్కు పెట్టిందని తెలిస్తే ముందు ఊడేది తన ఉద్యోగమే. ఎవరి గొంతది? బేకరీలో పనిచేసే కుర్రాడిదా? మందుల షాపు అమ్మాయిదా? మర్నాటి నుంచి కావాలనే ఎనిమిది పిలవడం మొదలుపెట్టింది. రోజూ జవాబు వచ్చేది. ఎవరి పెదవులూ కదిలేవి కావు.

ఒక రాత్రి అందరినీ వెనక బెంచీల్లోకి పంపి, పట్టికలో చివరి వరుస చదవమంది. ఇసుక రేణువులంత అక్షరాలు. ఎవరివల్లా కాలేదు.

"ర... ప... న... ల... వ..."

బీరువాల వెనక నుంచి వచ్చింది ఆ గొంతు. ఒక్క అక్షరం కూడా తప్పలేదు.

మందుల షాపు అమ్మాయి ఏడుపు మొదలెట్టింది. అయినా పిన్ని అనుమానం చావలేదు. మర్నాడు ఏడుగురి చేతా నోటినిండా నీళ్ళు పట్టించింది. "హాజరయ్యేలోగా మింగినవాళ్ళే దొంగలు," అంది. బుగ్గలు ఉబ్బించుకుని కూర్చున్నారు అందరూ.

"ఎనిమిది."

"...ప్రెజెంట్ మేడమ్."

ఏడు నోళ్ళ నీళ్ళూ ఒకేసారి బెంచీల మీద పడ్డాయి. పిన్నితో సహా అందరూ మెట్లమీదికి పరుగో పరుగు. ఆ రాత్రి లైటు ఆర్పకుండా పడుకున్నానని పిన్ని సిగ్గుపడకుండా ఒప్పుకుంది.

నెలాఖరు రానే వచ్చింది. డీన్‌గారు వేలు చూపిస్తూ లెక్కపెట్టారు.

"ఏడు. సారీ అమ్మా, నిబంధన నిబంధనే."

సీలయ్య మూసివేత కాగితం బల్లమీద పరిచి సీలెత్తాడు. ఏడుగురూ తలలు వంచుకున్నారు. పిన్ని అడ్డం వచ్చింది.

"ఆగండి సార్. హాజరు పిలిచాక వెయ్యండి."

ఒకటి నుంచి ఏడు దాకా పిలిచింది.

"ఎనిమిది."

నిశ్శబ్దం...

"ఎనిమిదీ!" పిన్నికి భయం పోయి కోపమొచ్చింది. "రోజూ పలికి ఇవాళ మానేస్తావా? ఇంతమంది నోటి దగ్గర కూడు పోతుంది!"

బీరువాల వెనక ఏదో కదిలింది.

"...ప్రెజెంట్ మేడమ్."

సీలయ్య చేతిలోని సీలు జారి దొర్లుకుంటూ పోయింది. చీకట్లోంచి తెల్లటి ఆకారం ఒకటి మెల్లగా ముందుకొచ్చింది... చేతిలో చీపురుతో.

రోజూ మెట్లు ఊడ్చే ఆవిడ. ఆ తెలుపు ఆవిడ యూనిఫారానిది.

"నువ్వా!" అంది పిన్ని.

"మనసులో అనుకున్నాననుకున్నానమ్మా, పైకి వినపడుతుందనుకోలేదు. పాఠం వింటున్నానని తెలిస్తే పని పోతుందని దాక్కున్నా. మీరు ఎనిమిది అంటే మాత్రం నోరు ఆగేది కాదు. ఇక్కడ చదివినప్పుడు నా నంబరు అదే."

"మరి పట్టిక?"

"రోజూ తుడిచేదాన్ని, రాదా అమ్మా?"

సీలయ్య గోడకి అతుక్కుపోయాడు. "నువ్వు... చచ్చిపోయావు కదా!"

"ఎవరు చెప్పారండీ?"

అందరూ సీలయ్యనే చూశారు. ఆ కథ అందరికీ చెప్పింది అతనే. ఇరవై రెండేళ్ళ కిందట హాజరు చాలనివాళ్ళ జాబితా రాసిందీ అతనే.

"మళ్ళీ... మళ్ళీ కనపడలేదుగా..." అని నసిగాడు.

"అప్పుడు మా అమ్మ మంచంలో ఉంది, అందుకే రాలేకపోయా. ఆవిడ పోయాక ఇక్కడే పనికి చేరా. పదహారేళ్ళుగా రోజూ పొద్దున మీ బల్ల తుడిచేది నేనేనండీ."

పిన్ని రిజిస్టరు తెరిచి, ఖాళీ గడి మీద పెన్ను ఆనించి ఆగిపోయింది. నెల రోజులుగా ఆవిడ ఊడ్చిన మెట్లే దిగుతూ, ఒక్కసారి కూడా పేరు అడగలేదు.

"మీ పేరేంటమ్మా?" అంది.

ఆవిడ చెప్పింది, పిన్ని రాసింది. డీన్‌గారు దగ్గి, కళ్ళజోడు సర్దుకున్నారు. పాత సర్టిఫికెట్లుంటే చేర్చుకోవచ్చన్నారు. అయినా ఆయన అనుమానం ఆయనది.

"రేపటి నుంచి సరిగ్గా రాగలవా? మళ్ళీ హాజరు చాల్లేదంటే నేనేం చెయ్యలేను."

ఆవిడ చీపురు గోడకి ఆనించి, వచ్చి మొదటి బెంచీలో కూర్చుంది.

"పదహారేళ్ళయింది సార్, ఈ గదికి రావడం ఒక్కరోజూ మానలేదు."